కుక్క బొమ్మ ప్లేటు పారేయొద్దు!
అటకల మీద మూగబోతున్న పాత గొంతులు.. బళ్లారికీ గ్రామఫోనుకూ తరాల బంధం

బళ్లారి: పాత మిద్దె పడగొట్టి కొత్తిల్లు కట్టేటప్పుడు మొదట బయటికొచ్చేది అటక మీది సామానే. ఇత్తడి బిందెలు ఇంట్లోకి వెళ్తాయి. ఇనుప ముక్కలు, పాత పుస్తకాలు గుజరీ అంగడికి పోతాయి. మధ్యలో దుమ్ము పట్టిన నల్లటి ప్లేట్ల కట్ట ఒకటి బయటపడుతుంది. దాని గతి ఏమిటో ఎవరికీ తోచదు. ‘వాయించే మిషనే లేదు, ఇవెందుకు?’ అని ఎవరో ఒకరు అంటారు. అంతే.. అది కూడా తూకంలో పోతుంది. అలా పోయేది నల్లటి పెంకు కాదు, ఒక మనిషి గొంతు. ఆ ప్లేటుకు మరో ప్రతి ఎక్కడా లేకపోతే ఆ గొంతు ఇక లోకంలో లేనట్టే!

తెలుగు, కన్నడ రెండూ ఇంటి భాషలైన ఈ సరిహద్దు జిల్లాలో ఆ కట్టల్లో రెండు భాషల ప్లేట్లూ కలిసే ఉంటాయి. ఒక పక్క కృష్ణ రాయబారం పద్యాలు, మరో పక్క కన్నడ కంపెనీ నాటకాల పాటలు. వాటి వెనకున్న కళాకారుల కథలు తెలిస్తే మాత్రం ఎవరికీ పారేయ బుద్ధి కాదు.

పురుగు ఇచ్చిన పాట

పెద్దలు ‘ప్లేట్లు’ అని పిలుచుకునే ఈ రికార్డులన్నీ ఒక రకం కావు. నిమిషానికి 78 చుట్లు తిరిగేవి లక్కతో చేసినవి. మోదుగ, రేగు, కుసుమ చెట్ల కొమ్మల మీద బతికే చిన్న పురుగు స్రవించేదే లక్క. దానికి రాతి పొడి, నల్ల మసి కలిపి వేడి చేసి అచ్చులో అదిమితే ప్లేటు తయారయ్యేది. బరువుగా ఉంటుంది. వేలితో తడితే ఖంగుమంటుంది. చెయ్యి జారితే పెంకులా పగులుతుంది. పది అంగుళాల ప్లేటులో ఒక్కో వైపు దాదాపు మూడు నిమిషాల పాటే పట్టేది. గంటసేపు సాగే రాగమైనా, రాత్రంతా ఆడే నాటకమైనా ఆ మూడు నిమిషాల్లో ఇమడాల్సిందే.

మన దేశంలో ఈ కథ 1902 నవంబరులో మొదలైంది. లండన్‌లోని గ్రామఫోన్ కంపెనీ నుంచి కలకత్తా వచ్చిన ఫ్రెడ్ గైస్‌బర్గ్ అక్కడి ప్రముఖ గాయని గౌహర్ జాన్ పాటను రికార్డు చేశారు. అప్పట్లో మైకు లేదు. పెద్ద బూర గొట్టం ముందు నిలబడి గట్టిగా పాడాలి. పాట అయ్యాక గాయకులు తమ పేరు తామే చెప్పేవారు. ఆ అచ్చులు జర్మనీలోని హానోవర్ కర్మాగారానికి వెళ్లేవి. అక్కడివాళ్లకు ఏ పాట ఎవరిదో తెలియాలి కదా, అందుకని! అదే గౌహర్ జాన్ చివరి రోజుల్లో మైసూరు సంస్థానం ఆశ్రయంలో ఉండి 1930 జనవరిలో అక్కడే కన్నుమూశారు. దేశమంతా మోగిన ఆ గొంతు ఆఖరికి కన్నడ నేలలోనే మూగబోయింది.

1908లో కలకత్తాలోనే ప్లేట్ల తయారీ మొదలైంది. 1928 నుంచి డండం కర్మాగారం నడిచింది. బూర ముందు కూర్చుని యజమాని గొంతు వింటున్న కుక్క బొమ్మతో వచ్చిన హెచ్.ఎం.వి. ప్లేట్లు పల్లెపల్లెకూ చేరాయి. కొలంబియా, ఓడియన్, ట్విన్, హచిన్స్ వంటి కంపెనీలూ దక్షిణాది పాటలను ప్లేట్లకెక్కించాయి. అయినా జనం నోట ‘కుక్క బొమ్మ ప్లేటు’ అన్న మాటే నిలిచిపోయింది.

మేనమామ పాట పెట్టారు.. మేనల్లుడు వద్దన్నారు!

తెలుగు గ్రామఫోను ప్లేట్లలో ఎక్కువ చోటు ఆక్రమించింది రంగస్థల పద్యమే. ఆ పద్యానికి రాగం తొడిగిన ఊళ్లలో బళ్లారిది ముందు వరుస. ఇక్కడి వకీలు ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853-1912) సరస వినోదిని సభ పెట్టి ‘చిత్రనళీయం’, ‘విషాద సారంగధర’ వంటి నాటకాలు రాసి ఆడించారు. ఆంధ్ర నాటక పితామహుడని పేరు తెచ్చుకున్నారు. నాటకంలో పాటకూ, రాగంతో పాడే పద్యానికీ పెద్దపీట వేసిన తొలితరం రచయితల్లో ఆయనొకరు. ఇదే ఊరిలో మరో వకీలు కోలాచలం శ్రీనివాసరావు (1854-1919) సుమనోరమ సభతో చారిత్రక నాటకాలకు దారి వేశారు.

రామకృష్ణమాచార్యుల మేనల్లుడే బళ్లారి రాఘవ (1880-1946). తాడిపత్రిలో పుట్టి, ఇక్కడ న్యాయవాదిగా స్థిరపడి, ఊరి పేరునే ఇంటి పేరు చేసుకున్న నటుడు. మామ నాటకానికి పాటను తెస్తే, అల్లుడు ఆ పాట మోతాదు మించిందన్నారు! యుద్ధానికి వెళ్లే వీరుడు, బిడ్డ శవం ముందున్న తల్లి రాగాలాపన చేస్తూ కూర్చోవడం ఆయనకు నచ్చేది కాదు. మాటలో, చూపులో, మౌనంలో నటన ఉండాలన్నారు. పి.వి.రాజమన్నారు రాసిన ‘తప్పెవరిది’ వంటి సాంఘిక నాటకాన్ని ప్రదర్శించారు. ఆడ వేషం ఆడవాళ్లే వెయ్యాలని పట్టుబట్టి, చదువుకున్న స్త్రీలను రంగస్థలం మీదికి తెచ్చారు.

ఇక్కడే గ్రామఫోను చేసిన చిత్రం కనిపిస్తుంది. మూడు నిమిషాల ప్లేటుకు చూపు అక్కర్లేదు, మౌనం అసలే పనికిరాదు. దానికి కావాల్సింది ఖంగుమనే గొంతు, ఎత్తుకోగానే పట్టేసే రాగం. అందుకే పాడే నటులకు ప్లేట్లలో పట్టం దక్కింది. స్థానం నరసింహారావు, ఈలపాట రఘురామయ్య, అద్దంకి శ్రీరామమూర్తి, మాధవపెద్ది సత్యం వంటి వారి గొంతులు నాటకం చూడని ఊళ్లకూ చేరాయి. పద్యాన్ని అలాగే పాడాలన్న అలవాటు ప్లేటు విని నేర్చుకున్న వారి వల్ల మరింత బలపడింది. రాఘవ కోరుకున్న సహజ నటన ఆ పెట్టెలో ఇమిడేది కాదు. ఆయన నటనను తర్వాతి తరాలకు చూపించగలిగింది సినిమాయే. అదీ మూడే మూడు చిత్రాలు.. ద్రౌపదీ మానసంరక్షణం (1936), రైతుబిడ్డ (1939), చండిక (1940).

పాత ప్లేట్లు వినేవారు ఈ సంగతి మనసులో పెట్టుకోవాలి. ప్లేటు మీద ఉన్నదే ఆనాటి నాటకమంతా కాదు. కంపెనీ అమ్ముకోగలిగిన ముక్క మాత్రమే అది.

రైతుబిడ్డలో ఒక చిన్నారి

గూడవల్లి రామబ్రహ్మం తీసిన ‘రైతుబిడ్డ’లో రాఘవతోపాటు పద్నాలుగేళ్లు నిండని ఒక అమ్మాయి నటించి పాడింది. పేరు టంగుటూరి సూర్యకుమారి. ప్రకాశం పంతులు గారి తమ్ముడి కూతురు. జమీందారీ వ్యవస్థను నిలదీసిన ఆ సినిమా కొన్ని జిల్లాల్లో నిషేధానికి గురైంది. సినిమాను ఆపగలిగారు గానీ ఆ అమ్మాయి గొంతును ఆపలేకపోయారు. దేశభక్తి గీతాలతో ఆమె ప్లేట్లు ఇంటింటా మోగాయి.

శంకరంబాడి సుందరాచారి ‘దీనబంధు’ (1942) చిత్రం కోసం రాసిన ‘మా తెలుగు తల్లికి’ పాట జనంలోకి వెళ్లింది కూడా సూర్యకుమారి ప్లేటు వల్లే. 1975లో అది ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర గీతమైంది. సూర్యకుమారి తర్వాత అమెరికా వెళ్లి 1961లో న్యూయార్కులో రవీంద్రుడి నాటకంలో నటించి అవార్డు అందుకున్నారు. ఆపై లండన్‌లో స్థిరపడి 2005లో అక్కడే కన్నుమూశారు.

ఈ పాట బళ్లారి తెలుగువాళ్లకు వేరేగా వినపడుతుంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి, సూర్యకుమారి పెదనాన్న ప్రకాశం తొలి ముఖ్యమంత్రి అయిన రోజే బళ్లారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు మాత్రం అటు వెళ్లాయి. ఒకే జిల్లాగా ఉన్న ఊళ్ల మధ్య గీత పడింది. భూమి రికార్డులు పంచుకున్నారు గానీ, పాట రికార్డులను ఎవరూ పంచుకోలేదు. అటు ఇంట్లో ఉన్న ప్లేటే ఇటు ఇంట్లోనూ తిరిగింది.

అల్లీపురం జైలు నుంచి..

తెలుగువారిళ్లలో ఏ కట్ట విప్పినా తప్పకుండా కనిపించే పేరు ఘంటసాల. ఆయనకూ ఈ ఊరికీ ఉన్న సంబంధం ఈ తరంలో చాలామందికి తెలియదు. 1942 క్విట్ ఇండియా ఉద్యమంలో పాల్గొన్నందుకు అరెస్టయి, పద్దెనిమిది నెలల శిక్షను ఆయన బళ్లారి అల్లీపురం జైల్లోనే అనుభవించారు. అప్పటికి ఆయన వయసు ఇరవై. విజయనగరం సంగీత కళాశాలలో చదువుకుని వచ్చినా పేరు లేదు, డబ్బు లేదు.

విడుదలయ్యాక మద్రాసు చేరి అవకాశాల కోసం తిరిగారు. హెచ్.ఎం.వి.లో పనిచేస్తున్న పేకేటి శివరాం ఆ గొంతును నమ్మి ప్లేటు పాడించారు. ఆ తర్వాత సంగతి అందరికీ తెలిసిందే. అదే పేకేటి తర్వాత నటుడయ్యారు, దర్శకుడయ్యారు. రాజ్‌కుమార్ మూడు పాత్రలు పోషించిన కన్నడ చిత్రం ‘కులగౌరవ’ (1971) తీసింది ఆయనే.

కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి రాసిన ‘పుష్పవిలాపం’, ‘కుంతీకుమారి’ పద్యాలకు ఘంటసాల ప్లేట్లతో వచ్చిన ప్రాచుర్యం సామాన్యమైనది కాదు. పుస్తకం పట్టని వారూ ప్లేటు విని పద్యం కంఠతా పట్టారు. ఆఖరి రోజుల్లో ఆరోగ్యం సహకరించకపోయినా భగవద్గీత పాడారు. 1974 ఫిబ్రవరి 11న ఆయన పోయారు. ఆ గీత పెద్ద ప్లేటుగా విడుదలైంది ఆయన పోయాకే. పాడినవారు తన పాట ఊరూరా మోగడం వినకుండానే వెళ్లిపోయారు.

అటు గొంతు ఇటు, ఇటు ముఖం అటు

1954లో హెచ్.ఎల్.ఎన్.సింహ దర్శకత్వంలో ‘బేడర కన్నప్ప’ కన్నడంలో, ‘కాళహస్తి మహాత్మ్యం’ తెలుగులో వచ్చాయి. రెండింటిలోనూ కన్నప్ప రాజ్‌కుమారే. తెలుగులో ఆయన నటించిన సినిమా అదొక్కటే. అందులో రాజ్‌కుమార్‌కు గొంతిచ్చింది ఘంటసాల. కన్నడంలో రాజ్‌కుమార్‌కు ఏళ్ల తరబడి పాడిన పి.బి.శ్రీనివాస్ (1930-2013) కాకినాడలో పుట్టిన తెలుగువారు. కన్నడిగులు తమ ఇంటి మనిషిగా చూసుకున్న ఎస్.జానకిదీ గుంటూరు ప్రాంతమే. కన్నడ ప్లేటు వెనక తెలుగు గొంతు, తెలుగు ప్లేటు వెనక కన్నడ ముఖం.. సరిహద్దులో ఇది కొత్త సంగతి కాదు.

ఇక బెంగళూరు నాగరత్నమ్మ (1878-1952) కథ వేరు. నంజనగూడులో దేవదాసీ కుటుంబంలో పుట్టి, గ్రామఫోను తొలి రోజుల్లోనే ప్లేట్లు ఇచ్చిన విదుషీమణి ఆమె. పెద్ద విద్వాంసులు ‘మిషన్ ముందు పాడితే గొంతు పోతుంది’ అని జంకుతున్న కాలంలో ముందుకొచ్చింది దేవదాసీ, కళావంతుల స్త్రీలే. నాగరత్నమ్మ ముద్దుపళని ‘రాధికా సాంత్వనం’ కావ్యాన్ని 1910లో అచ్చు వేయిస్తే ప్రభుత్వం నిషేధించింది. ప్రకాశం మద్రాసు ప్రధానిగా ఉన్నప్పుడు గానీ ఆ నిషేధం తొలగలేదు. తాను కూడబెట్టిన సొమ్ముతో తిరువయ్యారులో త్యాగరాజు సమాధిని ఉద్ధరించింది కూడా ఆమే. ఆమె పేరున్న ప్లేటు దొరికితే అది ఒక గాయని పాట మాత్రమే కాదు, ఒక పోరాటానికి సాక్ష్యం.

అన్నీ లక్షలు పలకవు

పాత ప్లేటు అనగానే లక్షలొస్తాయని కొందరు ఆశపడతారు. అది భ్రమ. జనాదరణ పొందిన సినిమా పాటల ప్లేట్లు వేల సంఖ్యలో అమ్ముడయ్యాయి కాబట్టి ఇప్పటికీ దొరుకుతాయి. వాటికి పెద్ద ధర రాదు. అరుదైనవి వేరు. బూర గొట్టం కాలంనాటివి, చిన్న కంపెనీలవి, సినిమాకెక్కని ప్రైవేటు గీతాలు, హరికథ, బుర్రకథ, హాస్య సంభాషణలు, స్థానిక నటుల పద్యాలు. పేరు మోగని కళాకారుడి ప్లేటే చాలాసార్లు ఎక్కువ విలువైనది. ఎందుకంటే దాన్ని దాచినవాళ్లు తక్కువ.

నాటకం సెట్లకు మరో చిక్కుంది. ఒక నాటకాన్ని నాలుగైదు ప్లేట్ల మీద ముక్కలుగా ఇచ్చేవారు. ఒకటి పగిలితే కథలో ఒక రంగం పోయినట్టే. ఆ ఒక్కటీ ఆదోనిలో ఎవరి ఇంట్లోనో, సిరుగుప్పలో ఇంకెవరి పెట్టెలోనో ఉండొచ్చు. అందుకే విడి ప్లేటును సైతం చిన్నచూపు చూడకూడదు.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో లక్క కొరత వచ్చింది. అమెరికాలో పాత ప్లేట్లు తెచ్చిస్తేనే కొత్తవి అమ్మే పద్ధతి పెట్టి, పాతవాటిని పొడి చేసి మళ్లీ అచ్చు పోశారు. అలా ఎన్ని గొంతులు పిండి అయ్యాయో! యుద్ధం తర్వాత 1948లో వినైల్ పెద్ద ప్లేటు వచ్చింది. ఒక్కో వైపు ఇరవై నిమిషాలకు పైగా పాట పట్టింది. మన దేశంలో 1950ల చివరి నుంచి అవి పెరిగాయి. క్యాసెట్టు వచ్చాక రెండూ అటకెక్కాయి. విచిత్రమేమిటంటే గత కొన్నేళ్లుగా వినైల్ మళ్లీ కొత్తగా అచ్చవుతోంది, కుర్రకారు కొంటున్నారు. లక్క ప్లేటు మాత్రం తిరిగి రాలేదు. ఉన్నవాటిని కాపాడుకోవడమే మిగిలింది.

మీ ఇంట్లో ప్లేట్లున్నాయా? ఇలా చేయండి

- ముందు లేబులు చదవండి. పాడినవారి పేరు, నాటకం లేదా సినిమా పేరు, కంపెనీ, నంబరు ఒక పుస్తకంలో రాసుకోండి. లేబులుకు, గాడికి మధ్య నున్నటి చోట చెక్కిన అంకెలనూ రాయండి. రికార్డింగును గుర్తు పట్టేది వాటితోనే.

- ఒకదాని మీద ఒకటి పేర్చొద్దు. పుస్తకాల్లా నిలువుగా, ఒరగకుండా పెట్టండి. బళ్లారి ఎండల సంగతి తెలిసిందే. రేకుల కప్పు కింద, కిటికీ పక్కన పెడితే వినైల్ అప్పడంలా వంకర పోతుంది.

- లక్క ప్లేటుకు స్పిరిట్, శానిటైజర్ తగలనీయొద్దు. అవి లక్కను కరిగిస్తాయి. లేబులు తడవకుండా, చల్లటి నీళ్లలో చుక్క మెత్తటి సబ్బు వేసి, మెత్తటి గుడ్డతో గాడి వెంబడి తుడిచి నీడలో ఆరబెట్టండి.

- కీ ఇచ్చి తిప్పే గ్రామఫోను మీద వినైల్ ప్లేటు పెట్టకండి. దాని ఇనుప ముల్లు ఒక్కసారికే గాడిని గీకేస్తుంది. అలాగే 78 ప్లేటును వినైల్ ముల్లుతో వాయించొద్దు. 78 గాడి వెడల్పు ఎక్కువ, దానికి లావు ముల్లు వేరే ఉంటుంది. ఇనుప ముల్లయితే ప్రతి వైపుకీ కొత్తది వేయాలి.

- విరిగిన ప్లేటును సైతం పారేయకండి. ముక్కలన్నీ ఒక కవరులో ఉంచండి. పగుళ్లు కలిపి శబ్దం రాబట్టే నిపుణులున్నారు. అది కుదరకపోయినా లేబులు సమాచారం మిగులుతుంది.

- వీలైతే కంప్యూటరులోకి ఎక్కించండి. మన చట్టం ప్రకారం సౌండ్ రికార్డింగు మీద హక్కు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. 1950లో వచ్చిన ప్లేటు మీద ఆ హక్కు 2010తో తీరిపోయింది. అయితే పాట రాసిన కవికి, బాణీ కట్టిన వారికి విడిగా హక్కుంటుంది. అది వారు పోయాక మరో 60 ఏళ్లు సాగుతుంది. నలుగురికీ పంచేముందు ఈ రెండూ చూసుకోవాలి.

ముందు పేరు రాయండి

ప్లేటు ఒక్కటే దాస్తే సగం పనే. ఆ ప్లేటు ఇంటికెలా వచ్చింది, ఎవరు కొన్నారు, ఏ పెళ్లిలో మోగింది, ఏ పద్యం విని ఇంట్లో ఎవరు వేషం కట్టారు అన్నది ఆ ఇంటి పెద్దలకే తెలుసు. ఎనభై దాటిన అవ్వ, తాత ఉన్న ఇళ్లలో ఆ మాటలు ఇప్పుడే సెల్‌ఫోనులో రికార్డు చేసి పెట్టుకోవచ్చు. దానికి పైసా ఖర్చు లేదు. ప్లేటు ఇంకో యాభై ఏళ్లయినా ఉంటుంది, చెప్పేవాళ్లు అన్నాళ్లు ఉండరు.

బళ్లారిలో రాఘవ పేరిట కళామందిరం ఉంది. నాటకమంటే ఇప్పటికీ చెవి కోసుకునే పెద్దలున్నారు. అటు ఆదోని, రాయదుర్గం, గుంతకల్లు, ఇటు సిరుగుప్ప, హొసపేటె.. ఏ ఊరి వారు ఆ ఊరి ఇళ్లలోని ప్లేట్ల పట్టిక ఒకటి తయారు చేసుకున్నా చాలు. ఏది ఎక్కడుందో తెలుస్తుంది, విడిపోయిన నాటకం సెట్లు మళ్లీ కలుస్తాయి. ప్లేటు ఎవరిది వారి దగ్గరే ఉండొచ్చు. గుజరీ బండి వీధిలోకి వచ్చేలోపు లేబులు మీది పేరు ఒక్కటి రాసుకుంటే ఆ పనికి నాంది పడినట్టే.